ఉమ్మడి పైథాన్‌లో ఎవరు ఏ ప్యాకేజీ వాడుతున్నారో లెక్క తీయడం ఎలా

ఒకే లినక్స్ సర్వరు మీద పెట్టిన ఒకే పైథాన్‌ను పదుల సంఖ్యలో డెవలపర్లు పంచుకుంటున్న చోట ప్యాకేజీలు (పైథాన్‌కు అదనంగా వేసుకునే కోడ్ కట్టలు) పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. ఎవరో ఒకరు అడిగారని ఒక ప్యాకేజీ వేస్తాం, ఆయన ప్రాజెక్టు ముగించుకుని వెళ్లిపోతారు, ప్యాకేజీ మాత్రం అలాగే ఉండిపోతుంది. నాలుగేళ్లు గడిచేసరికి అవి మూడు వందలు దాటుతాయి. పైథాన్ 3.9కి భద్రతా సవరణలు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి కదా, కొత్త వెర్షన్‌కు మారుదామని కూర్చుంటే, ఈ మూడు వందల్లో వేటిని వెంట తీసుకెళ్లాలో, వేటిని వదిలేయాలో చెప్పే నాథుడే ఉండడు. అందరికీ ఈమెయిల్ పంపి అడిగితే ఐదారుగురు జవాబిస్తారు. వారిలోనూ ఇద్దరు ‘అన్నీ ఉంచండి’ అంటారు. కాబట్టి అడగడం కన్నా చూసి తెలుసుకోవడమే మేలు.

పైథాన్ ప్యాకేజీలను వేసే పనిముట్టు పిప్. దాని లిస్ట్ కమాండ్ ఇక్కడ అక్కరకు రాదు. అది కొట్టుగదిలో ఏ సరుకులున్నాయో చెబుతుంది గానీ వంటలో ఏవి పడుతున్నాయో చెప్పదు. చాలామంది అడ్మిన్లకు తర్వాత తట్టే ఆలోచన, ప్రతి ఫైలుకూ లినక్స్ రాసిపెట్టే ‘చివరిసారి చదివిన సమయం’ చూడటం. అది కూడా నమ్మదగినది కాదు. చాలా సర్వర్లలో డిస్కును నోఏటైమ్ ఆప్షన్‌తో మౌంట్ చేస్తారు కాబట్టి ఆ సమయం అసలు మారదు. డిఫాల్ట్‌గా వచ్చే రెల్‌ఏటైమ్‌లోనైతే, ఫైలు ఆ మధ్యలో మారకపోతే, రోజుకు ఒకసారికి మించి మారదు. రాత్రి బ్యాకప్ నడిచిందంటే ప్రతి ఫైలూ ఆ రోజే చదివినట్టు కనిపించవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, చదివింది ఎవరో అందులో ఉండదు. ఇక అందరి హోమ్ ఫోల్డర్లలో దూరి, ప్యాకేజీలను ప్రోగ్రామ్‌లోకి తెచ్చుకునే ఇంపోర్ట్ పంక్తులను వెతకడమంటారా, అది సాంకేతికంగా సాధ్యమే గానీ, ఒకరి కోడ్‌ను వారికి చెప్పకుండా చదవడం సర్వరును నడిపేవారికి తగిన పని కాదు. పైగా ఫలానా ఫైలు ఐదేళ్ల కిందటిదా, ఇవాళ్టికీ నడుస్తోందా అన్నది దాన్ని చదివినంత మాత్రాన తెలియదు.

నమ్మదగిన పద్ధతి పైథాన్‌లోనే ఉంది. పైథాన్ మొదలైన ప్రతిసారీ సైట్ అనే మాడ్యూల్ (ఇంపోర్ట్ చేసుకోగల కోడ్ ఫైలు) నడుస్తుంది. అది తన పని చూసుకున్నాక సైట్‌కస్టమైజ్ అనే పేరుతో మాడ్యూల్ ఏదైనా దొరుకుతుందేమో వెతికి, దొరికితే ఇంపోర్ట్ చేస్తుంది. ఆ ఫైలు అడ్మిన్ల కోసం ఉద్దేశించినదే. అందులో మనం ఏట్‌ఎగ్జిట్ మాడ్యూల్ ద్వారా ఒక ఫంక్షన్‌ను నమోదు చేస్తే, ప్రోగ్రామ్ మామూలుగా ముగిసేటప్పుడు ఆ ఫంక్షన్ నడుస్తుంది. అప్పటికి ఆ ప్రోగ్రామ్ ఇంపోర్ట్ చేసిన మాడ్యూళ్ల పేర్లన్నీ సిస్ మాడ్యూల్‌లోని మాడ్యూల్స్ డిక్షనరీలో ఉంటాయి. ఏట్‌ఎగ్జిట్‌లో చివర నమోదైనది ముందు నడుస్తుంది, ముందు నమోదైనది చివర నడుస్తుంది. మనం అందరికన్నా ముందు నమోదు చేస్తాం కాబట్టి మన వంతు చివర వస్తుంది; వాడుకరి ముగింపు ఫంక్షన్లు ఆఖరి నిమిషంలో ఇంపోర్ట్ చేసినవి కూడా మన కంటబడతాయి. అమెరికాలోని నెర్స్క్ సూపర్‌కంప్యూటర్ కేంద్రం తన పైథాన్ వాడుకరుల గురించి తెలుసుకోవడానికి ఎంచుకున్న మార్గం కూడా దాదాపు ఇదే.

అయితే ఆ డిక్షనరీలో ఉన్న పేర్లన్నిటినీ లాగులోకి, అంటే మనం రాసిపెట్టే చిట్టాలోకి, ఎత్తిపోయకండి. అందులో పైథాన్‌తో వచ్చే సొంత మాడ్యూళ్లు వందల కొద్దీ ఉంటాయి, వాడుకరి తన ప్రాజెక్టులో పెట్టుకున్న పేర్లు కూడా ఉంటాయి. ఒకరు తమ ఫైలుకు పెట్టుకున్న పేరును బట్టి వారు ఏ పని మీద ఉన్నారో బయటపడిపోవచ్చు. అది మనకు అనవసరం. దీనికి తేలికైన ఉపాయం, మనకు కావలసిన పేర్ల జాబితాను ముందే తయారు చేసుకుని, ఆ జాబితాలో ఉన్నవాటి గురించి మాత్రమే డిక్షనరీని అడగడం. మూడు వందల పేర్లను ఒక్కొక్కటిగా అడిగినా ఆ పని కంటికి కనబడనంత వేగంగా అయిపోతుంది.

జాబితా తయారు చేయడంలో ఒక మెలిక ఉంది. పిప్‌కు తెలిసిన పేరు, కోడ్‌లో ఇంపోర్ట్ చేసే పేరు ఒకటి కానక్కరలేదు. సైకిట్-లర్న్‌ను ఎస్‌కేలర్న్ అని, పిల్లోను పీఐఎల్ అని, ఓపెన్‌సీవీ-పైథాన్‌ను సీవీ2 అని, బ్యూటిఫుల్‌సూప్4ను బీఎస్4 అని ఇంపోర్ట్ చేస్తారు. పైథాన్ 3.10 నుంచి ఇంపోర్ట్‌లిబ్ మెటాడేటాలో ప్యాకేజెస్ డిస్ట్రిబ్యూషన్స్ అనే ఫంక్షన్ ఉంది. ఏ ఇంపోర్ట్ పేరు ఏ ప్యాకేజీ నుంచి వస్తుందో అది పట్టికగా ఇస్తుంది. ప్యాకేజీలు ఎక్కువగా ఉన్న చోట దానికి కొంత సమయం పడుతుంది కాబట్టి దాన్ని ప్రతి ప్రోగ్రామ్ చివర పిలవకూడదు. ప్యాకేజీలు వేసినప్పుడు ఒకసారి నడిపి, వచ్చిన పేర్లను ఒక చిన్న పైథాన్ ఫైలుగా రాసి పెట్టుకోండి. గూగుల్ అనే ఒకే పై పేరు కింద ప్రోటోబఫ్, క్లౌడ్ లాంటి వేర్వేరు ప్యాకేజీలు కాపురం ఉంటాయి. అలాంటి చోట పై పేరుకు బదులు రెండో అంచె పేరును కూడా కలిపి జాబితాలో పెట్టాలి.

ఇక ఆ ముగింపు ఫంక్షన్‌లో ఏముండాలో చూద్దాం. అంతా కలిపి ముప్పై పంక్తులు మించదు. ఫైలు పైభాగంలో ఏట్‌ఎగ్జిట్, ఓఎస్, సిస్ తప్ప మరేదీ ఇంపోర్ట్ చేయకండి. మిగతావి ఫంక్షన్ లోపల చేసుకోవచ్చు. నమోదు చేసేటప్పుడే ప్రాసెస్ సంఖ్యను గుర్తుంచుకుని, ఫంక్షన్ మొదట్లో ఇప్పటి సంఖ్యతో పోల్చండి. రెండూ ఒకటి కాకపోతే ఇది అసలు ప్రాసెస్ నుంచి నకలుగా పుట్టిన, అంటే ఫోర్క్ అయిన పిల్ల ప్రాసెస్ అన్నమాట, ఏమీ రాయకుండా తిరిగి రావాలి. లేకపోతే ఒకే పని పదహారు సార్లు లెక్కకెక్కుతుంది. తర్వాత జాబితాలోని ప్రతి పేరుకూ డిక్షనరీలో మాడ్యూల్ ఉందేమో చూసి, ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. ఇది తప్పనిసరి, ఎందుకంటే పిప్‌కు యూజర్ ఆప్షన్ ఇచ్చి తన హోమ్ ఫోల్డరులోనే పాండాస్ వేసుకున్నవారు పాండాస్‌ను వాడుతున్నారు గానీ మన పాండాస్‌ను వాడటం లేదు. మాడ్యూల్ చోటు అడిగేటప్పుడు గెట్‌ఆట్రిబ్యూట్ పద్ధతిలో అడగకుండా, మాడ్యూల్ సొంత డిక్షనరీలో ఉన్న స్పెక్ నుంచి ఆరిజిన్‌ను (అది వచ్చిన చోటును) తీసుకోండి. కొన్ని ప్యాకేజీలు అడిగినప్పుడే లోడయ్యే మాడ్యూళ్లను పెడతాయి. వాటిని మామూలుగా తాకితే, ముగిసిపోతున్న ప్రోగ్రామ్‌లో కొత్త ఇంపోర్ట్‌లు మొదలవుతాయి.

ఈ మొత్తాన్నీ ట్రై, ఎక్సెప్ట్‌ల మధ్య పెట్టి, ఏ తప్పు వచ్చినా నోరు మూసుకుని తిరిగి వచ్చేలా రాయాలి. మామూలు కోడ్‌లో తప్పులను ఇలా మింగడం చెడ్డ అలవాటే, కానీ ఇక్కడ మాత్రం అదే మర్యాద. నేను మొదటిసారి ఇది చేసినప్పుడు లాగును అందరూ రాయగలిగే ఒక ఫైలులోకి పంపాను, తప్పులను పట్టుకోవడం మరిచాను. శనివారం రాత్రి ఆ డిస్కు నిండింది. అప్పటి నుంచి సర్వరు మీద నడిచిన ప్రతి పైథాన్ ప్రోగ్రామ్ చివరా స్టాండర్డ్ ఎర్రర్‌లో నాలుగు పంక్తుల ట్రేస్‌బ్యాక్ పడింది. నిర్ణీత సమయాలకు ప్రోగ్రాములను నడిపే క్రాన్ ద్వారా ఐదు నిమిషాలకోసారి నడిచే స్క్రిప్టులున్నవారికి ఆ ప్రతి ట్రేస్‌బ్యాకూ ఒక మెయిల్‌గా వెళ్లింది. సోమవారం ఉదయం ఒక సహోద్యోగి ఇన్‌బాక్సులో ఆరు వందలకు పైగా మెయిళ్లు ఉన్నాయి; ఆయన ఏమీ అనలేదు, ఫోన్ తెర నాకు చూపించి ఊరుకున్నారు.

ఆ అనుభవం తర్వాత, రాయడానికి సిస్‌లాగ్ (ప్రోగ్రాముల సందేశాలను పోగుచేసే లినక్స్ ఏర్పాటు) తప్ప మరో దారి చూడలేదు. అందరూ రాయగలిగే ఫైలును ఎవరైనా దిద్దవచ్చు, చెరిపేయవచ్చు. నెట్‌వర్క్ డిస్కు మీదైతే ఇద్దరు ఒకేసారి రాసినప్పుడు పంక్తులు కలగాపులగమవుతాయి. సిస్‌లాగ్‌కు పంపితే ఆ బెడద లేదు. పైథాన్‌లోని లాగింగ్ మాడ్యూల్‌కు బదులు సిస్‌లాగ్ మాడ్యూల్‌నే వాడండి. అది సీలో రాసిన చిన్న మాడ్యూల్, తోకగా మరేమీ లాక్కురాదు. లోకల్5 లాంటి ఖాళీ ఫెసిలిటీ (సందేశాల వర్గం) ఒకటి, గుర్తుపట్టడానికి ఒక ట్యాగ్ ఎంచుకుంటే చాలు. సర్వరులోని సేవలను నడిపే సిస్టమ్‌డీ ఉన్న చోట ఈ సందేశాలు దాని చిట్టా అయిన జర్నల్‌కు చేరుతాయి, పంపినవారి యూజర్ సంఖ్యను జర్నల్ తానే కెర్నెల్‌ను అడిగి జతచేస్తుంది. కాబట్టి సందేశంలో యూజర్ పేరు రాయనక్కరలేదు, ఒకరి పేరుతో మరొకరు రాయడానికీ వీలుండదు. పాత సిస్‌లాగ్ ఏర్పాట్లలో 1024 బైట్ల దగ్గర సందేశం తెగిపోవచ్చు. పేర్లు ఎక్కువైతే తొమ్మిది వందల బైట్ల దగ్గర విరిచి రెండో సందేశంగా పంపండి.

ఒక సందేశాన్ని తెలుగు అక్షరాల్లో రాసి చూపితే, ట్యాగ్, ప్రాసెస్ సంఖ్యలతో మొదలై ఇలా ఉంటుంది: ‘ప్యాక్‌లెక్క 4127: వెర్షన్ 3.11, ఉమ్మడి: నంపై, పాండాస్, సిక్స్, డేట్‌యుటిల్, సొంతం: వైఏఎంఎల్.’ అంతే. స్క్రిప్టు పేరు లేదు, అది ఉన్న ఫోల్డరు లేదు, కమాండ్ లైనులో ఇచ్చిన ఆర్గ్యుమెంట్లు లేవు. ఆర్గ్యుమెంట్లను ఎట్టి పరిస్థితుల్లోనూ రాయకండి. పాస్‌వర్డులను అక్కడే ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు.

సైట్‌కస్టమైజ్ ఫైలును ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఫలితం దాని మీదే ఆధారపడుతుంది. ఉమ్మడి పైథాన్ సైట్-ప్యాకేజెస్ ఫోల్డరులో పెడితే, ఆ పైథాన్ నుంచి వెన్వ్ (తమ ప్యాకేజీలను విడిగా వేసుకునే సొంత వాతావరణం) చేసుకున్నవారు లెక్కలోకి రారు, ఎందుకంటే వెన్వ్‌కు తన సైట్-ప్యాకేజెస్ వేరుగా ఉంటుంది. దాని పై ఫోల్డరులో, అంటే పైథాన్ సొంత లైబ్రరీ పక్కన పెడితే, వెన్వ్‌లు కూడా ఆ లైబ్రరీనే వాడతాయి కాబట్టి వారూ కనిపిస్తారు. నా సలహా రెండోదే; సిస్ మాడ్యూల్‌లోని ప్రిఫిక్స్, బేస్ ప్రిఫిక్స్ వేర్వేరుగా ఉంటే అది వెన్వ్ అని గుర్తించి సందేశంలో ఒక మాట చేర్చవచ్చు. కొండా అనే మరో పనిముట్టుతో చేసుకున్న వాతావరణాలు మాత్రం ఎవరి పైథాన్‌ను వారే మోసుకు తిరుగుతాయి, వాటికి మన ఫైలు ఉన్నట్టే తెలియదు. ఇంకో సంగతి: సర్వరుతో వచ్చిన సిస్టమ్ పైథాన్ జోలికి పోకండి. ఉబుంటులో ఆ పేరుతో ఇప్పటికే ఒక సైట్‌కస్టమైజ్ ఉంటుంది, దాని మీద మనది వేస్తే దాని పని చెడుతుంది. ఆప్ట్ ఫోల్డరులో విడిగా కట్టుకున్న ఉమ్మడి పైథాన్‌కు మాత్రమే ఈ పద్ధతి.

అందరికీ తెరవకముందు కనీసం ఇవి చేసి చూడండి. ఒక పంక్తిలో వైఏఎంఎల్ ఇంపోర్ట్ చేసి ముగిసే ప్రోగ్రామ్ నడిపి, జర్నల్‌ను చదివే జర్నల్‌సీటీఎల్ కమాండుకు ట్యాగ్ ఇచ్చి సందేశం వచ్చిందేమో చూడండి. తర్వాత ఎవరూ పట్టుకోని ఎక్సెప్షన్‌తో చచ్చిపోయే ప్రోగ్రామ్, కంట్రోల్-సీ కొట్టిన ప్రోగ్రామ్ నడపండి. రెండింటిలోనూ సందేశం రావాలి. కిల్ కమాండుతో చంపితే రాకూడదు, రాదు కూడా. సిస్‌లాగ్ సాకెట్ లేని కంటైనర్‌లో నడిపి, తెర మీద ఒక్క అక్షరమైనా అదనంగా పడటం లేదని నిర్ధారించుకోండి. చివరిగా పెద్ద ఎక్స్ ఆప్షన్‌కు ఇంపోర్ట్‌టైమ్ అని ఇచ్చి పైథాన్‌ను ఖాళీగా నడిపితే, మొదలవడానికి ఏ మాడ్యూల్ ఎన్ని మైక్రోసెకన్లు తీసుకుందో కనిపిస్తుంది. మన ఫైలు ఆ పట్టికలో పెద్ద అంకెలా కనిపిస్తే ఎక్కడో అనవసరమైన ఇంపోర్ట్ చేశారన్నమాట.

ఈ వలలో పడనివి ఏవో ముందే తెలిసి ఉండాలి. పెద్ద ఎస్ ఆప్షన్‌తో నడిపితే సైట్ మాడ్యూలే రాదు. మెమరీ చాలక కెర్నెల్ చంపేసిన ప్రాసెస్, సమయం మించిందని జాబ్ షెడ్యూలర్ చంపేసిన ప్రాసెస్, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఎగ్జిట్ ఫంక్షన్‌తో ముగిసిన ప్రాసెస్ మనకు సందేశం పంపవు. జుపిటర్ నోట్‌బుక్‌ల వెనుక నడిచే పైథాన్ ప్రాసెస్‌లు (వాటినీ కెర్నెళ్లనే అంటారు) మూడు వారాలు తెరిచే ఉండి, మూసిన రోజున మాత్రమే కనిపిస్తాయి. పైథాన్ ముందుగా వెతికే ఫోల్డర్లను చెప్పే పైథాన్‌పాత్‌లో తన సొంత సైట్‌కస్టమైజ్ పెట్టుకున్నవారికి మనది చేరదు. చంపబడిన ప్రాసెస్‌లు కూడా కావాలంటే పైథాన్ 3.8తో వచ్చిన ఆడిట్ హుక్ ద్వారా ప్రతి ఇంపోర్ట్‌నూ అది జరిగినప్పుడే పట్టుకోవచ్చు. కానీ ఆ హుక్ ఫైలు తెరిచినా, సాకెట్ తెరిచినా పిలవబడుతుంది, ఒకసారి పెట్టాక తీయడం కుదరదు. ప్యాకేజీల లెక్క కోసం అంత బరువు మోయడం నాకు సమంజసంగా తోచదు. సీ, ఫోర్ట్రాన్ ప్రోగ్రాములను కూడా కలిపి చూడాల్సిన పెద్ద క్లస్టర్లలోనైతే ఎక్సాల్ట్ అనే పనిముట్టును పరిశీలించండి. ఆర్ భాషకు ఇలాంటి చోటే ఆర్‌ప్రొఫైల్ డాట్ సైట్ అనే ఫైలు. అందులో సెషన్ చివర నడిచే ఫైనలైజర్‌ను నమోదు చేసి, అప్పటికి లోడైన నేమ్‌స్పేసులను చూడవచ్చు.

లాగు చేతికొచ్చాక దాన్ని చదవడంలోనే ఎక్కువమంది పొరబడతారు. జర్నల్‌కు పరిమాణంలో హద్దు ఉంటుంది, హద్దు దాటితే పాతవి పోతాయి. కొన్ని సర్వర్లలో అది మెమరీలోనే ఉండి రీబూట్‌తో మాయమవుతుంది. కాబట్టి రోజుకోసారి జర్నల్ నుంచి జేసన్ రూపంలో తీసి, తేదీ, యూజర్, ప్యాకేజీ, ఉమ్మడిదా సొంతమా అన్న నాలుగు గడులూ ఒకేలా ఉన్న వరుసలను ఒక్కసారి మాత్రమే ఉంచి, ఎస్‌క్యూలైట్ పట్టికలో దాచండి. ఎన్నిసార్లు నడిచిందన్న అంకెను పట్టించుకోకండి. ఒక పరిశోధక విద్యార్థి పదివేల ముక్కల జాబ్ ఒకటి వేస్తే ఆయన వాడే ప్యాకేజీ పట్టికలో మొదటి స్థానానికి ఎగబాకుతుంది. లెక్కపెట్టాల్సింది మనుషులను, నెలలను.

ఇంకో చిక్కు, ఒకరు పాండాస్‌ను మాత్రమే ఇంపోర్ట్ చేసినా దాని వెంట నంపై, డేట్‌యుటిల్, సిక్స్ కూడా వచ్చి పట్టికలో కూర్చుంటాయి. సిక్స్‌ను వందమంది వాడుతున్నారని సంబరపడనక్కరలేదు, వారిలో దాని పేరు విన్నవారు పదిమంది కూడా ఉండకపోవచ్చు. ఎవరు నేరుగా అడిగారో కనుక్కోవడానికి ఇంపోర్ట్ ఫంక్షన్‌నే మార్చి రాసేవారున్నారు. నేను వద్దంటాను, అది అందరి ప్రోగ్రాముల గొంతు మీద చేయి పెట్టడం. దానికి బదులు ప్యాకేజీల మెటాడేటాలో ఏది దేని మీద ఆధారపడుతుందో రాసి ఉంటుంది కాబట్టి, వేరే ఏ ప్యాకేజీకీ అవసరం లేనివాటిని ముందు విడదీయండి. తీసివేత గురించి ఆలోచించాల్సింది వాటి గురించే. మిగతావి తమను తెచ్చినవాటితో పాటే ఉంటాయి, వాటితో పాటే పోతాయి.

ఎంతకాలం గమనించాలి? పని చక్రం ఒకటి పూర్తయ్యేంత కాలం. కళాశాలలోనైతే ఒక విద్యా సంవత్సరం, కార్యాలయంలోనైతే మార్చి నెల ఒకటి దాటాలి. ఎక్సెల్‌ఆర్‌డీ అనే పాత ప్యాకేజీ మా పట్టికలో పదకొండు నెలలు సున్నాగా ఉంది. ఏప్రిల్ మొదటి వారంలో ఒక్క యూజర్, ఒక్క రోజు కనిపించారు. పాత ఎక్సెల్ ఫైళ్ల నుంచి సంవత్సరాంతపు లెక్కలు తీసే స్క్రిప్టు అది. సున్నా అంటే ఎవరూ వాడరని కాదు, చూసినంత కాలంలో కనిపించలేదని మాత్రమే.

ఇదంతా మొదలుపెట్టే ముందే వాడుకరులకు చెప్పాలి. లాగిన్ అవగానే కనిపించే సందేశంలో మూడు పంక్తులు చాలు: ఏమి రాస్తున్నాం, ఏమి రాయడం లేదు, ఎన్నాళ్లు ఉంచుతాం. వద్దనుకునేవారి కోసం ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పేరు చెప్పి, అది సెట్ అయి ఉంటే ఫంక్షన్‌ను నమోదే చేయకండి. పై అధికారులు ఎవరెవరు ఎంత పని చేస్తున్నారో ఈ పట్టికలో చూద్దామని అడిగే రోజు ఒకటి వస్తుంది. అప్పుడు ఇవ్వడానికి యూజర్ సంఖ్యలు లేకుండా ఉండాలంటే నెల తిరగ్గానే వాటిని తీసేసి ప్యాకేజీకి ఎంతమంది అన్న మొత్తాన్ని మాత్రమే మిగల్చండి. వ్యక్తిగత డేటా రక్షణకు మన దేశంలో 2023లో చట్టం వచ్చింది కాబట్టి సంస్థలో న్యాయ వ్యవహారాలు చూసేవారికి కూడా ముందే ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

తీసివేతను పాత ఇన్‌స్టలేషన్‌లో చేయకండి. కొత్త పైథాన్‌ను వేరే ఫోల్డరులో కట్టి, అందులో లెక్కలో కనిపించినవాటినీ వాటికి అవసరమైనవాటినీ మాత్రమే వేయండి. ఒక్కరే వాడుతున్న ప్యాకేజీ ఉంటే, సంఖ్యలు చెరపక ముందే ఆ ఒక్కరితో మాట్లాడి వెన్వ్ చేసుకోవడం చూపించండి, పావుగంట పని. పాతదాన్ని ఎవరూ కొత్తగా ఏమీ వేయలేకుండా మూసి, మరో మూడు నెలలు అలాగే ఉంచి, దాని మీద లెక్కను కొనసాగించండి. ఇంకా పాతదాన్నే పట్టుకుని ఉన్నవారు ఎవరో ఆ లెక్కలోనే తెలుస్తుంది. కొత్తదానిలో ప్యాకేజీలు వేసే స్క్రిప్టు చివరనే పేర్ల జాబితాను తిరిగి తయారుచేసే పంక్తిని కలపడం మరవకండి. అది మరిచిన చోట కొత్తగా వేసిన ప్యాకేజీలన్నీ పట్టికలో సున్నాగా కనిపిస్తాయి.